ముద్ర వేసినవాడి బాకీ

కనుమ నాటి మధ్యాహ్నం. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గజ్జెలు కట్టిన సందడి అప్పుడే కాస్త సద్దుమణిగింది. పశువుల పాక ముందు నులకమంచం మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ముప్పైమూడేళ్ళు గోదావరి జిల్లాల్లో పశువైద్యుడిగా చేసి రిటైరైన మామయ్య. మరొకరు హైదరాబాద్‌లో సముద్ర సమాచారాన్ని విశ్లేషించే ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన మేనకోడలు.

ఆమె ఫోనులో ఒక చిన్న వీడియో చూపించింది. అంటార్కిటికాలో గడ్డకట్టిన సముద్రం. దాని మీద పుట్టి నాలుగైదు రోజులైన సీల్ పిల్ల బోర్లా పడుకుని ఉంది. ఒకరు దానికి అటొక కాలు ఇటొక కాలు వేసి, బరువు ఆననివ్వకుండా మోకాళ్ళ మధ్య పట్టుకున్నారు. ఇంకొకరు దాని వెనక తెడ్డుకాలిని చేత్తో విప్పి, వేళ్ళ మధ్య పొరలో పటకారు పెట్టి నొక్కారు. టక్‌మని చప్పుడైంది. పిల్ల తలెత్తి ఒక్క అరుపు అరిచింది. నాలుగడుగుల దూరంలో తల్లి మెడ చాచి చూస్తోంది. ఆ చప్పుడు వినగానే మామయ్య ముఖం మారింది.

మామయ్య: ఆ చప్పుడు నాకు తెలుసమ్మా. నా చేతిలో వేలసార్లు మోగింది. అది మనం పశువులకు చెవిపోగులు వేసే పటకారే కదా?

మేనకోడలు: అదే రకం, మామయ్యా. బిళ్ల కూడా పశువులకు వేసే ప్లాస్టిక్ బిళ్ల లాంటిదే. ఈ సీలుకు బయటికి కనిపించే చెవి ఉండదు కాబట్టి తెడ్డుకాలికి వేస్తారు. ఒకటి ఊడినా ఇంకొకటి మిగలాలని రెండు కాళ్ళకీ వేస్తారు. ఇది మెక్‌మర్డో జలసంధి పక్కనున్న ఎరెబస్ అఖాతం. 1968లో మొదలైన పని ఇది. అక్కడ పుట్టిన వెడ్డెల్ సీల్ పిల్లలకు ఏటా ఇలా నంబర్లు వేస్తూనే ఉన్నారు.

మామయ్య: మన గేదెకు నంబరు ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. ఆ పసుపు బిళ్ల మీది 12 అంకెల కింద గాలికుంటు టీకా రాస్తాం, ఈనిన తేదీ రాస్తాం, అది చచ్చిపోతే రైతుకు ఇన్సూరెన్సు దాన్ని చూసే ఇస్తారు. చెవికి ఒక క్షణం నొప్పి పెట్టాం, బదులుగా రోగం నుంచి కాశాం అని చెప్పుకోవచ్చు. ఈ సీలుకు ఏమిచ్చారు? అది ఎవరి పశువూ కాదు. మంచు మీద దానికి శత్రువంటూ లేడు, అందుకే మనిషిని చూస్తే పారిపోవాలని కూడా దానికి తెలియదు. చూశావుగా, తల్లి కదలను కూడా లేదు. ఆ తెలియనితనాన్ని మనం వాడుకున్నామంటే నాకు మింగుడుపడటం లేదు.

మేనకోడలు: ఏమిచ్చారో ఒక్క సంగతిలో చెబుతాను. 2000 మార్చిలో రాస్ మంచు పలక నుంచి బి-15 అనే మంచుకొండ విరిగింది. సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లా అంత! దాని ముక్కలు వచ్చి ఆ ప్రాంతంలో అడ్డం పడ్డాయి. ఏటా ఎండాకాలంలో పగిలి పోవాల్సిన సముద్రపు మంచు పోలేదు, ఏడాదికేడాది మందమైంది. సీళ్లకు పైకి రావడానికి పగుళ్ళు కరువయ్యాయి. ఆ నాలుగైదేళ్ళూ అఖాతంలో పిల్లల పుట్టుక బాగా పడిపోయింది. ఊరికే తలలు లెక్కపెట్టేవాడికి అది చావులా కనిపిస్తుంది. నంబర్లు చూసినవాళ్ళకు వేరే సంగతి తెలిసింది. తల్లులు చాలావరకు బతికే ఉన్నాయి. ఆ ఏళ్ళు ఈనకుండా, ఆ చోటికి రాకుండా ఆగాయి. మంచు విరిగాక అవే నంబర్లు మళ్ళీ కనిపించాయి. కష్టకాలంలో ఒక జాతి ఎలా తట్టుకుంటుందో నంబరు లేకుండా తెలిసేదా?

మామయ్య: తెలిసింది మనకు. దానికి కాదు.

మేనకోడలు: దాన్ని కాపాడాలన్నా ముందు మనకు తెలియాలి కదా. ఆ తల్లి సంగతి వినండి. పిల్ల పుట్టేటప్పుడు 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఆరు వారాల్లో 100 కిలోలకు చేరుతుంది. తల్లి పాలలో సగం దాకా కొవ్వే. ఆ రోజుల్లో తల్లికి తిండి దొరికేది చాలా తక్కువ, దాదాపు తన ఒళ్ళే కరిగించి పోస్తుంది. చలికాలమంతా ఊపిరికోసం పళ్ళతో మంచు గీరి కన్నం మూసుకుపోకుండా చూసుకుంటుంది. పళ్ళు అరిగిపోయాక దాని రోజులు దగ్గరపడతాయి. ఏ తల్లి ఎన్నేళ్ళకు మొదటిసారి ఈనింది, ఏ ఏడు మానేసింది, కూతురు మళ్ళీ పుట్టిన చోటికే వచ్చిందా, ఇవన్నీ ఒక్కొక్క ప్రాణి కథలు. వాటిని కలిపితేనే జాతి కథ.

మామయ్య: పళ్ళ సంగతి చెప్పావు చూడు, అది నా మనసుకు పట్టింది. కానీ నిరుడు నువ్వే కదా చెప్పావు, ఉపగ్రహం ఫోటోల్లో మంచు మీద నల్ల చుక్కలను వేలమంది ఇళ్ళలో కూర్చుని లెక్కపెట్టారని?

మేనకోడలు: చెప్పాను. 2021లో ఆ లెక్క అచ్చయింది. అంటార్కిటికా మొత్తం మీద ఆడ వెడ్డెల్ సీళ్లు సుమారు 2 లక్షలని తేల్చారు. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

మామయ్య: మరి అది చాలదా?

మేనకోడలు: జనాభా లెక్కకు చాలు. కానీ చుక్కకు వయసు తెలియదు, తల్లెవరో తెలియదు. నిరుటి చుక్కా ఈ ఏటి చుక్కా ఒకటేనో కాదో తెలియదు. పైగా చుక్క మంచు మీద ఉన్నంతసేపే కనిపిస్తుంది. నీళ్ళలోకి జారాక 600 మీటర్ల లోతుకు వెళ్ళినా, గంటకు పైగా ఊపిరి బిగబట్టినా ఆకాశానికి ఏం తెలుస్తుంది? 1960ల్లో జెరాల్డ్ కూయ్‌మన్ అనే శాస్త్రవేత్త వంటింట్లో వాడే టైమరుతో లోతు నమోదుచేసే పరికరం తయారుచేసి సీలుకు కట్టేదాకా, ఆ జంతువు నీళ్ళ కింద ఏం చేస్తోందో మనిషికి ఊహే తప్ప లెక్క లేదు.

మామయ్య: సరే. ఇప్పుడు నా మాట విను. కొలిచే చెయ్యే కొలతను చెడగొడితే? కింగ్ పెంగ్విన్ల రెక్కలకు లోహపు పట్టీలు వేసిన సంగతి నీకు తెలియందా?

మేనకోడలు: తెలుసు, మామయ్యా. 2011లో ఆ పరిశోధన వచ్చింది. పదేళ్ళు గమనించారు. పట్టీ వేసిన పెంగ్విన్లకు పట్టీ లేనివాటికన్నా 39 శాతం తక్కువ పిల్లలు కలిగాయి. బతికే అవకాశం 16 శాతం తగ్గింది.

మామయ్య: అంతకుముందు ఎన్ని ఏళ్ళుగా వేస్తున్నారు? ఆ పక్షులు తగ్గుతుంటే సముద్రం వేడెక్కడం వల్లనో, చేపలు తగ్గడం వల్లనో అని ఎన్ని లెక్కలు కట్టి ఉంటారు? రెక్క ఆడించినప్పుడల్లా నీటిని ఎదిరించే ఆ పట్టీ కూడా ఒక కారణమని చాలామందికి తట్టలేదు. రోగి నాడి చూస్తూ చూస్తూ చెయ్యి గట్టిగా నొక్కి, రక్తం ఆడటం లేదని మందు రాసినట్టుంది.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు బయటపెట్టింది ఎవరు? ఆ శాస్త్రవేత్తలే. సీళ్ల మీద కూడా అదే ప్రశ్న వేసుకున్నారు. మక్వారీ దీవిలో ఏనుగు సీళ్లకు పరికరాలు అంటించి, అంటించనివాటితో పోల్చి చూశారు. బరువు పెరగడంలో గానీ బతకడంలో గానీ తేడా కనిపించలేదని 2008లో రాశారు.

మామయ్య: మంచిది. మక్వారీ దీవి అన్నావు కదా. అదే దీవిలో ఇంకేం చేశారో కూడా చెప్పు.

మేనకోడలు: (కొంచెంసేపు ఆగి) వాతలు పెట్టారు. 1990ల్లో వేల ఏనుగు సీల్ పిల్లలకు ఎర్రగా కాల్చిన ఇనుముతో ఒంటి మీద అంకెలు వేశారు. ప్లాస్టిక్ బిళ్లలు ఊడిపోతున్నాయని, జీవితమంతా నిలిచే గుర్తు కావాలని. జనం చూసి తట్టుకోలేకపోయారు. 2000లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆపించింది.

మామయ్య: ఆ దీవిని 1810లో కనుక్కున్నారట. పదేళ్ళలోపే అక్కడి బొచ్చు సీళ్లన్నిటినీ తోళ్ళకోసం చంపేశారు. తర్వాత ఏనుగు సీళ్లను నరికి కొవ్వు కాచి నూనె తీశారు. అలాంటి నేల మీద, ఆ జంతువు పిల్లకు మళ్ళీ కాల్చిన ఇనుము చూపించారు, ఈసారి దాని మేలు కోరి! మన దగ్గర కూడా వాత ఉండేదమ్మా. కర్మకాండలో ఆంబోతుకు ముద్ర కాల్చి ఊరి మీదికి వదిలేవాళ్ళు. అచ్చోసిన ఆంబోతు అన్నది ఇప్పుడు తిట్టయింది గానీ, ఆ అచ్చు వెనక ఒక కట్టుబాటుంది. ముద్ర పడ్డ ఆంబోతును అరకకు కట్టకూడదు, ఎవరి చేలో పడ్డా కొట్టకూడదు. దాని బరువు ఊరు మొయ్యాలి. ముద్ర వేస్తే వేసినవాళ్ళ మెడకు బాధ్యత పడాలి, అది న్యాయం. ఆ సీలు పిల్లల బాధ్యత ఎవరి మెడకు పడింది?

మేనకోడలు: మక్వారీ సంగతి నేను చెప్పలేను. అంటార్కిటికాలో మాత్రం చట్టం మెడకు పడింది. అంటార్కిటిక్ సీళ్ల రక్షణకోసం 1972లో లండన్‌లో ఒప్పందం చేసుకున్నారు, 1978 నుంచి అమలులో ఉంది. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అక్కడ జంతువును పట్టుకోవాలన్నా, ఇబ్బంది పెట్టాలన్నా ముందు అనుమతి కావాలి. కారణం చెప్పాలి, ఎన్నిటిని పడతారో చెప్పాలి.

మామయ్య: కాగితాల బాధ్యత నాకు బాగా తెలుసు. నేను మత్తు ఇచ్చే సంగతి అడుగుతాను. పరికరం అంటించాలంటే పెద్ద జంతువు కదలకూడదు. మత్తు ఇస్తారు. ఈ జంతువు పుట్టుకే ఊపిరి బిగబట్టడానికి. మత్తులో పడితే నీళ్ళలో మునిగానన్నట్టే ఒళ్ళు ఊపిరి ఆపేసే ప్రమాదం ఉంది. ఇదివరకు కొన్ని అలాగే చచ్చిపోయాయి కూడా. కేటమిన్ నేనూ వాడినవాణ్ణే. బల్ల మీద గేదె ఊపిరి ఒక్క నిమిషం తడబడితే నా చేతులు వణికేవి. ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని మంచు గాలిలో ఆ పని చేసేవాళ్ళను నేను తక్కువ చెయ్యను. కానీ ఎందుకోసం అని అడుగుతాను.

మేనకోడలు: ఎందుకోసమో నా ఉద్యోగంలోనే ఉంది, మామయ్యా. మా హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది కదా, మన మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది, సునామీ హెచ్చరిక ఇచ్చేది. సముద్రాల్లో తేలే ఆర్గో పరికరాలు 2,000 మీటర్ల లోతుకు వెళ్ళి, పదిరోజులకోసారి పైకి వచ్చి నీటి వేడి, ఉప్పదనం పంపుతాయి. ప్రపంచమంతా కలిపి దాదాపు 4,000 ఉన్నాయి. కానీ చలికాలంలో అంటార్కిటికా చుట్టూ మంచు మూత పడ్డాక అవి పైకి రాలేవు, ఓడలూ వెళ్ళలేవు. చలికాలంలోనూ అక్కడ తిరగగలిగేవి సీళ్లు. కెర్గ్యూలెన్ దీవుల్లో ఏనుగు సీలు ఏటా పాత బొచ్చు రాల్చి కొత్త బొచ్చు తొడుక్కుంటుంది. అప్పుడు నెత్తి మీద అర కిలో బరువున్న పరికరాన్ని జిగురుతో అంటిస్తారు. అది దక్షిణాన మంచు దాకా ఈది, రోజుకు 60 సార్ల దాకా మునుగుతుంది. పైకి లేచేటప్పుడు నీటి వేడి, ఉప్పదనం, లోతు నమోదవుతాయి. ఊపిరికి పైకి వచ్చిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఆ పరికరం ఉపగ్రహానికి చిన్న సందేశం పంపాలి. తర్వాతి ఏడు బొచ్చుతోపాటు అది రాలిపోతుంది.

మామయ్య: రాలిపోవడం బాగుంది. ఆ సందేశాలతో ఏం తేలింది?

మేనకోడలు: అంటార్కిటికా అంచున సముద్రం గడ్డకట్టినప్పుడు ఉప్పు బయటికి నెట్టబడుతుంది. మిగిలిన నీరు ఉప్పెక్కి, బరువెక్కి, అడుగుకు జారుతుంది. ప్రపంచ సముద్రాల అడుగున పాకే చల్లటి నీరు అదే, మన హిందూ మహాసముద్రం అడుగుకూ వస్తుంది. లోతున ఉన్న ప్రాణికి ఊపిరి మోసుకొచ్చేది అదే. అలాంటి నీరు పుట్టే చోట్లు మూడే అనుకునేవాళ్ళు. నాలుగోది కేప్ డార్న్‌లీ దగ్గర ఉందని 2013లో జపాన్ శాస్త్రవేత్తలు రుజువు చేశారు. సముద్రం అడుగున పెట్టిన పరికరాలతోపాటు ఏనుగు సీళ్లు తెచ్చిన కొలతలు అందులో సాక్ష్యం. పక్కనే ప్రిడ్జ్ అఖాతం. మన దేశపు భారతి స్థావరం ఉన్న తీరమది. అక్కడ మంచు పలకలు కరిగి వచ్చే మంచినీరు ఈ బరువైన నీటి పుట్టుకను బలహీనం చేస్తోందని 2016లో తెలిసింది. అదీ సీళ్లు చెప్పిందే. ఇప్పటికి సీళ్లు, వాటి సాటి జంతువులు ఐదు లక్షలకు పైగా ఇలాంటి కొలతలు ఇచ్చాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మామయ్య: నువ్వు చెబుతుంటే ఒళ్ళు గగుర్పొడిచిన మాట నిజం. కానీ నాకు వినిపించేది ఇంకొకటి. నిప్పు పెట్టింది మనం. బొగ్గు తవ్వింది మనం, చమురు కాల్చింది మనం. ఆ వేడికి దాని ఇల్లు ఎంత కరిగిందో కొలిచి రమ్మని ఆ మూగజీవం నెత్తినే పెట్టెకట్టి పంపుతున్నాం. దానికి మన భాషలో ఒక పేరుంది, వెట్టి. కూలి లేదు, వద్దనే నోరు లేదు. అది తెచ్చిన కబురు విని మనం ఏం మానుకున్నాం, చెప్పు? ఐదు లక్షల కొలతలు వచ్చాయి. పొయ్యి ఒక్క రోజైనా ఆరిందా?

మేనకోడలు: ఆరలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ కబురు విననివాడి తప్పును కబురు తెచ్చే దారి మీదికి నెట్టొద్దు, మామయ్యా. ఆ దారి మూసేస్తే రేపు వినాలనుకున్నవాడికి కూడా వినడానికి ఏమీ ఉండదు. వెట్టి అన్నారు. సీలు మనకోసం ఎక్కడికీ వెళ్ళడం లేదు. తన తిండికోసం తను వెళ్ళే దారినే వెళుతోంది. మనం దాని వెంట ఒక దీపం పంపుతున్నాం.

మామయ్య: దీపం మోసేది అదేగా.

(పాకలో దూడ అరిచింది. మామయ్య లేచి కాస్త పచ్చగడ్డి వేసి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.)

మామయ్య: నేనెందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక ఏడు వానాకాలంలో లంకల్లో ట్యాగులు వేసే పని పడింది. రోజుకు ఇన్ని వెయ్యాలని లెక్క. పడవ దిగడం, వరసగా టక్ టక్ వేసుకుంటూ పోవడం, పడవెక్కడం. ఒక పేద రైతు పెయ్యదూడ, ఏడాది కూడా లేదు. దాని చెవికీ వేశాను. ఇరవై రోజుల తర్వాత అతను దాన్ని తోలుకుని ఆసుపత్రికి వచ్చాడు. చెవి ఉబ్బి, చీము పట్టి, పురుగులు పడ్డాయి. టర్పెంటైన్ పోసి ఒక్కొక్క పురుగే తీశాను. బిళ్లతోపాటు చెవి సగం పోయింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ‘మీరు మళ్ళీ వస్తారనుకున్నానండి’ అన్నాడు, అంతే. ముద్ర వెయ్యడం తప్పని నేననను. వేసి, వెనక్కి తిరిగి చూడకపోవడం తప్పు. అది నేను చేశాను.

మేనకోడలు: మీరు ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మామయ్య: చెప్పుకునేది కాదు. అందుకే అడుగుతున్నాను. ఎరెబస్ అఖాతం వాళ్ళు ఏటా వెనక్కి వెళ్ళి చూస్తున్నారన్నావు. ఆ తల్లీ ఆ కూతురూ బాగున్నాయా అని యాభై ఏళ్ళకు పైగా చూస్తున్నారంటే, దాన్ని నేను గౌరవిస్తాను. పని పెట్టుకున్న వాడు చేసే పని అది. మరి నీ దగ్గరికి వచ్చే ఏనుగు సీళ్ల సంగతి? పరికరం ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడటం ఆపేస్తుంది కదా. ఆపేసిన రోజున ఏం జరిగిందో మీకు తెలుస్తుందా?

మేనకోడలు: బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. యాంటెన్నా విరిగి ఉండవచ్చు. బొచ్చు రాలి ఉండవచ్చు. లేదా సీలే చచ్చిపోయి ఉండవచ్చు.

మామయ్య: నువ్వెప్పుడైనా చూశావా, ఏ సీలుకు ఏది జరిగిందో?

మేనకోడలు: (చాలాసేపటికి) చూడలేదు. నా ఫైలులో సీలంటే పైన ఒక కోడ్. దాని కింద లోతు, వేడి, ఉప్పదనం. వరసలు ఎక్కడ ఆగిపోతే అక్కడితో గీత ఆపేసి, పక్క ఫైలు తెరుస్తాను. ఆ ఆగిన చోట ఒక ప్రాణం ఉండేదని... నిజం చెప్పాలంటే, నాకెప్పుడూ తట్టలేదు.

మామయ్య: నువ్వు చెడ్డదానివి కాదమ్మా. నేనూ కాను ఆ రోజు. లెక్క పెద్దదైనప్పుడు ప్రాణి చిన్నదైపోతుంది. అదే నా భయం.

మేనకోడలు: రేపు వెళ్ళగానే ఒక పని చేస్తాను. నేను వాడే ప్రతి సీలు పక్కన ఇంకో గడి పెడతాను. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. పరికరం పెట్టినవాళ్ళకు రాసి అడుగుతాను. మరుసటి ఏడు అదే దీవిలో అది మళ్ళీ కనిపించిందా అని.

మామయ్య: వాళ్ళకూ తెలియకపోతే?

మేనకోడలు: ‘తెలియదు’ అని రాస్తాను. ఆ గడిని ఖాళీగా వదలను. అలా ‘తెలియదు’లు ఎన్ని వచ్చాయో నా వ్యాసంలో సీళ్లు తెచ్చిన కొలతల పక్కనే రాస్తాను. అవి మనకిచ్చింది ఎంతో రాసేటప్పుడు, వాటికి మనం బాకీ ఉన్నది ఎంతో కూడా అక్కడే కనిపించాలి.

మామయ్య: అయినా నన్నడిగితే నేను ఆ పటకారు మళ్ళీ పట్టను. నా చేతులు ఒప్పుకోవు. కానీ అలా రాసేవాళ్ళు ఉంటే, పట్టేవాళ్ళను ఆపమని మాత్రం ఇక అనను.

మేనకోడలు: నేను ఆపాలని అనను, మామయ్యా. మంచు కింద ఏం జరుగుతోందో తెలుసుకోవడం మానేద్దామని ఇప్పటికీ అనలేను. కానీ ఆ చప్పుడు వినపడినప్పుడల్లా మీ లంక రైతు మాట నాకు గుర్తొస్తుంది.

మామయ్య: రావాలి. మళ్ళీ వస్తారని అనుకోవడానికి సీలుకు మాట రాదు. ఆ మాట మనమే అనుకుని, మనమే వెళ్ళాలి.